దాపరికం – అధ్యాహారం: అతిచిన్న కథను చదివే పద్ధతి

వ్యాససంగ్రహం:
ఫ్లాష్ ఫిక్షన్, మైక్రో ఫిక్షన్, కార్డు కథ, మినీ కథ, గల్పిక వంటి పేర్లతో వ్యవహారంలో ఉన్న అతిచిన్న కథను మన విమర్శ ఎక్కువగా నిడివిని బట్టి, కొసమెరుపును బట్టి గుర్తిస్తూ వచ్చింది. ఈ రెండు గుర్తులూ చాలవని, కథలో లేనిదాన్ని పాఠకుడు ఏ ఆధారంతో పూరిస్తున్నాడన్నదే ఈ రూపానికి అసలు గీటురాయి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు మీమాంసకుల ‘అధ్యాహార’ భావనను తీసుకొని, బనఫూల్ రాసిన వేపచెట్టు కథను, సాదత్ హసన్ మంటో ‘సియాహ్ హాషియే’ (1948) లోని కొన్ని కథలను పరిశీలిస్తుంది. తెలుగు వాక్యనిర్మాణం ఈ రూపానికి కల్పించే సౌలభ్యాలను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: అతిచిన్న కథ, కార్డు కథ, కొసమెరుపు, అధ్యాహారం, ధ్వని, మంటో, బనఫూల్.

1. కొలతల చిక్కు

‘ఫ్లాష్ ఫిక్షన్’ అన్న పేరు 1992లో జేమ్స్ థామస్, డెనీస్ థామస్, టామ్ హజుకా సంకలనం చేసిన 72 కథల పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ సంపాదకులు పెట్టుకున్న హద్దు సుమారు 750 మాటలు. చిన్న సైజు సాహిత్య పత్రికలో ఎదురెదురుగా ఉన్న రెండు పుటల్లో పట్టే కథ అన్నది దాని వెనుక లెక్క. 1996లో జెరోమ్ స్టెర్న్ ‘మైక్రో ఫిక్షన్’ పేరిట ఆ హద్దును 250 మాటలకు కుదించాడు. సరిగ్గా నూరు మాటలుండాలనే ‘డ్రాబుల్’ అనే పద్ధతి మరొకటి ఉంది. ఈ లెక్కలన్నీ కాగితం నుంచి పుట్టినవే. ఆ మాటకొస్తే మన ‘కార్డు కథ’ ఇంతకన్న నిజాయితీ గల పేరు. తపాలా కార్డు మీద ఎంత పడితే అంతే కథ అని అది దాపరికం లేకుండా ఒప్పుకుంటుంది. జపాన్ రచయిత కావబాతా యసునారి తన చిట్టికథలను ‘అరచేతి కథలు’ అన్నాడు. అది కూడా కొలతే గాని, కాగితానిది కాదు, మనిషిది.

మాటల లెక్కను తెలుగులోకి యథాతథంగా తెచ్చుకోవడంలో మరో చిక్కుంది. ‘రాలేకపోయిందట’ అన్నది మనకు ఒక్క మాట. ఇందులో రావడం ఉంది, అశక్తత ఉంది, గతకాలం ఉంది, కర్త స్త్రీ అని గాని అమహత్తు అని గాని తెలిపే ప్రత్యయం ఉంది, ఈ కబురు చెబుతున్నవాడు స్వయంగా చూడలేదన్న సూచన కూడా ఉంది. ఇంగ్లీషులో ఇంత చెప్పడానికి ఆరేడు మాటలు కావాలి. పైగా సంధి కలిపి రాస్తే ఒకటి, విడదీసి రాస్తే మూడు అయ్యే భాషలో 100 మాటల నియమానికి అర్థమేమిటి? అయినా మన పోటీ ప్రకటనల్లోను, కొన్ని పరిశోధన పత్రాల్లోను ఈ అంకెలు లక్షణాల స్థాయిని పొందాయి.

ఇదే వరసలో హెమింగ్వే పేరు మీద చెలామణి అయ్యే ఆరు మాటల కథను, పసిపిల్లల బూట్ల అమ్మకం ప్రకటన రూపంలో ఉండేదాన్ని, ఈ ప్రక్రియకు మూలపురుషుణ్ణి చేయడం కూడా మానుకోవాలి. దాన్ని ఆయనే రాశాడనడానికి ఆధారం లేదు. అలాంటి ప్రకటనను కథగా మలచాలన్న ఊహ, ఆయన రచయితగా పేరు పొందక ముందే అమెరికా పత్రికల్లో అచ్చయింది.

పేర్ల విషయానికొస్తే, మన దగ్గర లోటు లేదు, అయోమయమే ఉంది. కొడవటిగంటి కుటుంబరావు విరివిగా రాసిన గల్పిక కథకూ వ్యాసానికీ వ్యంగ్యసంభాషణకూ నడుమ తిరిగే రూపం. పిట్టకథ మరో కథలోకో ప్రసంగంలోకో వచ్చి వాలేది, దాని పని దృష్టాంతం. ఈ రెండింటినీ అతిచిన్న కథకు పర్యాయపదాలుగా వాడటం సరికాదు. పరిమాణం ఒకటైనంత మాత్రాన పాఠకుడితో వాటి ఒప్పందం ఒకటి కాదు. ఈ వ్యాసంలో ‘అతిచిన్న కథ’ అనే తటస్థమైన మాటనే వాడుతున్నాను.

2. గోదావరి గట్టు మీది సింహం

హాలుని గాథాసప్తశతిలో ప్రసిద్ధమైన గాథ ఒకటుంది. ఒక స్త్రీ ఒక ధార్మికుడితో మాట్లాడుతుంది. నిన్ను వేధించే కుక్కను గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం చంపేసింది గనుక ఇక నిశ్చింతగా తిరగవచ్చునని అతనికి అభయమిస్తుంది. గాథ అంతే. కాశ్మీరంలో తొమ్మిదో శతాబ్ది వాడైన ఆనందవర్ధనుడు ధ్వనిని నిరూపించడానికి దీన్నే ఉదాహరించాడు. పైకి కనిపించేది విధి, లోపల ఉన్నది నిషేధం. కుక్కకే భయపడేవాడు సింహం తిరిగే చోటికి వస్తాడా? ఆ పొదరిల్లు ఆమె ప్రియుణ్ణి కలుసుకొనే చోటనీ, పూలకోసం వచ్చే ఈ పెద్దమనిషి అక్కడికి రాకూడదన్నదే ఆమె కోరిక అనీ మనం గ్రహిస్తాం.

దీన్ని ధ్వని కాదు, కథ అని చూస్తే ఏమవుతుంది? ఇందులో ఇద్దరు పాత్రలున్నారు, ఒక గతం ఉంది (కుక్క, దాని బెడద), ఒక స్థలం ఉంది, ఒక ప్రయోజనం ఉంది, ఒక అబద్ధం ఉంది. సింహం నిజంగా ఉందా అన్న ప్రశ్న కూడా ఉంది. లేనిదల్లా ఎవరు, ఎందుకు అన్న సమాచారం. వ్యాఖ్యాతలు ప్రతి గాథకూ ఒక అవతారిక రాసి, వక్త ఎవరో శ్రోత ఎవరో చెప్పి ఆ ఖాళీని పూరించారు. ఒకే గాథకు వేర్వేరు అవతారికలు కుదరడమూ ఉంది.

ఈ పూరణకు మీమాంసకులు వాడిన మాట అధ్యాహారం. వాళ్ళ ఉదాహరణ ‘ద్వారం’ అనే ఒక్క పదం. ఎవరైనా ‘తలుపు!’ అంటే వినేవాడు ‘మూయి’ అన్నది తెచ్చుకుంటాడు. అలా తెచ్చుకొనేది పదాన్నా, అర్థాన్నా అని భాట్టులకూ ప్రాభాకరులకూ వాదం. ఆ వాదంలోకి మనం పోనక్కరలేదు. మనకు పనికొచ్చేది వేరొకటి. ఈదురుగాలి కొడుతుంటే ‘తలుపు!’ అన్నమాట మూయమని, బయట ఎవరో తడుతుంటే అదే మాట తెరవమని. అంటే లేని మాటను నిర్ణయించేది ఊహ కాదు, సన్నివేశం. పాఠకుడు ఏదైనా ఊహించుకోవచ్చు అన్న స్వేచ్ఛ అతిచిన్న కథ ఇచ్చే వరం కాదు, దాని వైఫల్యం. ఉన్న మాటలు లేని మాటను పట్టి ఇవ్వాలి.

3. కొసమెరుపు: దాచిపెట్టడం వేరు

మన వారపత్రికల్లో కార్డు కథ పేరుతో వచ్చినవాటిలో ఒక అచ్చు తరచుగా కనిపిస్తుంది. అతను ‘ఆమె’ కోసం ఎదురుచూస్తుంటాడు. గడియారం చూస్తాడు, వీధిలోకి తొంగిచూస్తాడు, భార్య చూడకుండా నిట్టూరుస్తాడు. చివరి వాక్యంలో ఆమె పనిమనిషి అని తేలుతుంది. లేదా అది కరెంటు, లేదా కుళాయి నీరు. నవ్వొస్తుంది, పుట తిప్పేస్తాం. ఇక్కడ తక్కువైంది నిడివి కాదు. పాత్రకు మొదటి నుంచీ తెలిసిన సంగతిని కథకుడు కేవలం పాఠకుడి నుంచి దాచాడు. దాచినది బయటపడగానే ముందు వాక్యాలన్నీ పని తీరిపోయిన పరంజిలాగా మిగులుతాయి. ఇది దాపరికం. అధ్యాహారం కాదు. దాపరికంలో లేని సంగతిని చివరికి కథకుడే చెబుతాడు. అధ్యాహారంలో పాఠకుడు చెప్పుకోవాలి.

అట్లని చివరి వాక్యంలో మలుపు ఉండటమే దోషమనలేం. బెంగాలీ రచయిత బనఫూల్ (బలాయిచాంద్ ముఖోపాధ్యాయ్, 1899–1979) వృత్తిరీత్యా వైద్యుడు, చిట్టికథల్లో సిద్ధహస్తుడు. ఆయన రాసిన వేపచెట్టు కథలో ఒకరు చెట్టు బెరడు ఒలిచి కషాయం కాస్తారు, ఒకరు ఆకులు నూరి చర్మరోగానికి పట్టిస్తారు, లేత చిగుళ్ళు కూరలో పడతాయి, పుల్లలు పళ్ళు తోముకోవడానికి పోతాయి. అందరూ మెచ్చుకుంటారు గాని ఎవ్వరూ సాకరు. మొదట్లో చెత్త పేరుకుంటుంది. ఒకనాడు కొత్తరకం మనిషి ఒకడు వస్తాడు. అతను ఏదీ తెంపడు, కన్నులారా చూసి, పూలగుత్తుల అందాన్ని పొగిడి వెళ్ళిపోతాడు. అతను కవి. చెట్టుకు అతనితో పోవాలనిపిస్తుంది. వేళ్ళు నేలలో చాలా దూరం పోయాయి, కదల్లేదు. చివరి వాక్యంలో ఆ ఇంటి పనిమంతురాలైన కోడలి పేరెత్తి, ఆమె స్థితీ ఇదేనని రచయిత ముగిస్తాడు.

ఇది నూటికి నూరుపాళ్ళు కొసమెరుపే. అయినా మొదటి నుంచి మళ్ళీ చదివితే కథ అరిగిపోదు, పెరుగుతుంది. ఒలిచిన బెరడు ఇప్పుడు ఎవరిది? చుట్టూ పేరుకున్న చెత్త ఏమిటి? ఆ కవి ఎవరు, అతను ఆ ఇంటివైపు చూసి వెళ్ళాడా? ఇవేవీ రచయిత చెప్పలేదు. చెట్టును గురించిన ప్రతి క్రియకూ ఆ ఇంట్లో సమానమైన క్రియను వెతుక్కోవలసిన పని చివరి వాక్యం పాఠకుడికి అప్పగించింది. ‘వేళ్ళు’ అన్నచోట పిల్లలని కొందరు పూరిస్తారు, పుట్టింటి పరువని కొందరు, మరో బతుకుతెరువు లేకపోవడమని ఇంకొందరు. ఏది పూరించినా సన్నివేశం దాటి పోదు. నా మటుకు నాకు ఆ చివరి వాక్యంలో పోలిక మరీ నేరుగా ఉందనిపిస్తుంది. ఐతే దాన్ని తీసేస్తే మిగిలేది చెట్టు మీద జాలే. కాబట్టి ఆ నేరుతనం కథ చెల్లించిన మూల్యం అనుకోవాలి.

4. ‘సియాహ్ హాషియే’: తెలిసి ఉండటమనే నేరం

అధ్యాహారం పాఠకుణ్ణి ఎంత దూరం తీసుకుపోగలదో తెలియాలంటే మంటో దగ్గరికి పోవాలి. 1948 జనవరిలో బొంబాయి విడిచి లాహోరు చేరిన మంటో, అదే ఏడాది ‘సియాహ్ హాషియే’ అనే చిన్న పుస్తకం వెలువరించాడు. నల్ల అంచులు అని ఆ పేరుకు అర్థం. విభజన నాటి హత్యలు, దోపిడీలు, గృహదహనాలు వస్తువు. కొన్ని కథలు రెండు మూడు పుటలు, కొన్ని రెండు మూడు వాక్యాలు. ముహమ్మద్ హసన్ అస్కరీ ముందుమాట రాశాడు. తాను చేసిన హత్యల గురించి చెబుతూ, ఒక ముసలమ్మను చంపినప్పుడు మాత్రమే హత్య చేసినట్టు అనిపించిందని ఒప్పుకున్న ఒక మనిషికి మంటో ఈ పుస్తకాన్ని అంకితమిచ్చాడు. అంకితమే ఒక అతిచిన్న కథ. ముసలమ్మకు ముందు ఎందరు, వాళ్ళను చంపినప్పుడు అతనికి ఏమనిపించింది అన్నవి అందులో లేవు.

‘కరామాత్’ అంటే మహిమ. లూటీ సొమ్ము కోసం పోలీసులు సోదాలు చేస్తుంటే జనం భయపడి చీకట్లో పారేస్తుంటారు. ఒకడు రెండు చక్కెర బస్తాలను బావిలో వేయబోయి, ఒకటి వేసి, రెండోదానితో పాటు తానూ పడతాడు. పైకి తీస్తారు గాని కొద్ది గంటల్లో పోతాడు. మర్నాడు బావినీళ్ళు తియ్యగా ఉంటాయి. ఆ రాత్రి అతని సమాధి మీద దీపాలు వెలుగుతుంటాయి. ఇందులో కథకుడు ఏదీ దాచలేదు. చక్కెర సంగతి మనకు ముందే చెప్పాడు. తెలియనిది ఆ ఊరివాళ్ళకు. పనిమనిషి కార్డు కథలో పాత్రకు తెలిసింది మనకు తెలియదు, ఇక్కడ మనకు తెలిసింది పాత్రలకు తెలియదు. ఈ తారుమారులోనే రెండు రకాల చిన్న కథల మధ్య భేదమంతా ఉందని నా అభిప్రాయం. ఎవరో నీళ్ళు తాగి ‘మహిమ’ అన్న దృశ్యం, ఎవరో తొలి దీపం పెట్టిన దృశ్యం – రెండూ కథలో లేవు. వాటిని మనం పూరించుకుంటాం. శీర్షిక మాత్రం ఊరివాళ్ళ గొంతులో ఉంది. అతిచిన్న కథలో శీర్షిక అలంకారం కాదు, అదొక పాత్ర మాట.

‘జెల్లీ’ ఇంతకన్న కఠినం. ఉదయం ఆరుకు పెట్రోలు బంకు దగ్గర తోపుడుబండి మీద ఐసు అమ్మేవాణ్ణి పొడిచారు. ఏడింటి దాకా శవం రోడ్డు మీదే ఉంది, కరుగుతున్న ఐసు నీళ్ళు దాని మీద పడుతున్నాయి. ఏడుంపావుకు పోలీసులు శవాన్ని తీసుకుపోయారు. గడ్డకట్టిన నెత్తురు, ఐసు మిగిలాయి. అటుగా పోయే టాంగాలోంచి ఒక పసివాడు ఆ ఎర్రటి ముద్దను చూసి, నోరూరి, తల్లిని పిలిచి జెల్లీ అని చూపిస్తాడు. గంటలూ నిమిషాలూ పోలీసు నివేదికలోవి. ఎవరు పొడిచారు, చచ్చినవాడు ఏ మతం వాడు, తల్లి ఏమంది అన్నవి లేవు. తల్లి మాట లేకపోవడం ముఖ్యం. ఆమె మారుగా ఏం చెప్పాలో పాఠకుడు ఆలోచించుకోవాలి, చెప్పడానికి ఏదీ తోచదు. పూరించలేకపోవడం కూడా ఒక పూరణే.

‘సారీ’ అన్నది ఈ రూపం చేరగల ఆఖరి మెట్టు. కత్తి పొట్టను చీల్చుకుంటూ బొడ్డు దిగువకు వస్తుంది, పైజామా బొందు తెగుతుంది. పొడిచినవాడు నాలిక కరుచుకొని పొరపాటు జరిగిందని విచారిస్తాడు. ఇంతే. పొరపాటు ఏమిటి? బట్ట జారాక అతనికి ఏం కనిపించింది? చంపవలసినవాణ్ణి, చంపకూడనివాణ్ణి శరీరం మీది ఏ గుర్తుతో వేరు చేస్తున్నారు? ఒక్కమాటైనా చెప్పకుండానే మనకు అర్థమవుతుంది. అలా అర్థమయ్యేసరికి మనమూ ఆ లెక్క తెలిసినవాళ్ళమని తేలుతుంది. ఈ ఉపఖండంలో పుట్టిపెరిగిన పాఠకుడికి ఆ అధ్యాహారం క్షణంలో జరుగుతుంది. వేరే ఖండంలో ఒకడికి పాదసూచిక కావాలి. హంతకుడికీ మనకూ ఉమ్మడిగా ఉన్న ఆ పరిజ్ఞానమే కథకు ఇంధనం. నవల ఈ పని చేయలేదు. నవల ఆ హంతకుడికి ఒక పేరు, ఒక ఊరు, ఒక పగ ఇచ్చి, అతన్ని మన నుంచి వేరు చేస్తుంది.

శవాల మీద హాస్యమాడాడని ఆనాటి అభ్యుదయ విమర్శకులు కొందరు మంటోను ఆక్షేపించారు. ఆ ఆక్షేపణను తేలిగ్గా తోసిపారేయలేం. పైకి వీటి నిర్మాణం జోకు నిర్మాణమే. రెండు సంగతులు పక్కపక్కన పెట్టి తప్పుకోవడం, చివర తేలికైన మాట. కాని జోకు వినేవాడికి ఆధిక్యాన్ని ఇస్తుంది, నవ్వి బయటపడే దారి ఇస్తుంది. ‘సారీ’ ఆ దారి మూసేస్తుంది. రైలాపి కొందరు ప్రయాణికులను చంపి, మిగిలినవారికి హల్వా, పాలు, పళ్ళు పంచి, కబురు ఆలస్యంగా అందడం వల్ల అనుకున్నంతగా మర్యాద చేయలేకపోయామని నొచ్చుకొనే అతిథేయుల కథ ఒకటుంది. దాని పేరు వినయమన్న అర్థం వచ్చే ‘కస్రె నఫ్సీ’. దాన్ని చదివి నవ్వినవాడు ఆ హల్వా తిన్నవారి పక్కన కూర్చున్నట్టే.

5. తెలుగు వాక్యం చేతిలో ఉన్న పనిముట్లు

గ్వాటెమాలా రచయిత ఆగుస్తో మోంతెరోసో 1959లో ప్రచురించిన డైనోసార్ కథ స్పానిష్‌లో ఏడే మాటలు. మేలుకున్నది ఎవరో అందులో ఉండదు, క్రియలో లింగసూచన కూడా ఉండదు. ఇంగ్లీషు అనువాదకుడు ‘అతను’ అనో ‘ఆమె’ అనో తేల్చక తప్పదు. తెలుగులో? సమాపక క్రియ వాడితే మనకూ చిక్కే, ‘లేచాడు’, ‘లేచింది’ అనాలి. అసమాపక క్రియ వాడితే ఆ బాధ లేదు. ‘లేచి’, ‘లేస్తే’, ‘లేచేసరికి’ – వీటికి లింగవచనాలు పట్టవు. కర్తను చెప్పకపోయినా వాక్యం కుంటుపడదు. క్రియ లేని వాక్యం మనకు సహజం. అంటే అధ్యాహారం తెలుగులో ప్రత్యేకంగా సాధించవలసిన శిల్పం కాదు, రోజూ మాట్లాడే పద్ధతి.

సంబోధన దీనికన్న బలమైన పనిముట్టు. ఇద్దరి మధ్య ‘ఏమండీ’, ‘ఒరేయ్’, ‘అయ్యా’, ‘ఏమే’ అన్న ఒక్క పిలుపు వయసు, బంధుత్వం, కులం, అధికారం వీటిలో ఏదో ఒకదాన్ని చెప్పకనే చెబుతుంది. నాలుగు వాక్యాల సంభాషణలో మొదట ‘మీరు’ అన్నవాడు చివర ‘నువ్వు’ అంటే, ఆ రెంటి నడుమ అప్పు తీరిందో, ప్రేమ కుదిరిందో, పదవి పోయిందో జరిగి ఉంటుంది. ఏది జరిగిందో సన్నివేశం చెప్పాలి. ‘అట’ అన్న ప్రత్యయం మరొకటి. ‘చచ్చిపోయాడు’కూ ‘చచ్చిపోయాడట’కూ మధ్య ఒక ఊరంత దూరం ఉంది. చెప్పేవాడు చూడలేదు, లేక చూసీ చూడలేదంటున్నాడు. ఒక్క అక్షరంతో నమ్మదగని కథకుడు తయారయ్యే భాష ఇది. ఇన్ని సాధనాలుండీ మన కార్డు కథ సర్వనామం వెనక పనిమనిషిని దాచడంతో సరిపెట్టుకోవడం విచారకరం. కార్డు కథలపై జరిగే పరిశోధన కూడా వృద్ధుల సమస్య, వరకట్నం, నిరుద్యోగం అని వస్తువును బట్టి పట్టికలు వేసి ఆగిపోతోంది. ఈ రూపంలో వస్తువు కన్న ముందు అడగవలసింది వాక్యాన్ని.

ఒక్క ఉదాహరణ. ‘సారీ’ కథను తెలుగు చేసేవారికి చివరి మాట దగ్గర పరీక్ష ఎదురవుతుంది. హంతకుడి నోట వచ్చేది ఉచ్చారణ చెడిన ఒక ఇంగ్లీషు మాట, చదువురాని మనిషి చదువుకున్నవాళ్ళ మర్యాదను అరువు తెచ్చుకున్నట్టు. దాన్ని అచ్చతెనుగు చేస్తే ఆ అరువు పోతుంది. అలాగే ఉంచితే మన వీధుల్లో రోజూ వినిపించే మాటే గనుక ఇబ్బంది లేదు. క్రియ విషయంలోనే జాగ్రత్తపడాలి. ‘తప్పు చేశాను’ అని రాస్తే కథ చచ్చిపోతుంది. ఉర్దూలో ఆ మనిషి చేశానని అనడు, అయిపోయిందంటాడు. తెలుగులోనూ ‘పొరపాటయింది’ అనగల సౌకర్యం ఉంది. ఆ వాక్యంలో కర్త పొరపాటే. కత్తి పట్టుకున్న చెయ్యి వాక్యంలో ఎక్కడా లేదు.